ఇంగ్లిషులో ఒక్క ‘టేక్’, చైనీస్‌లో ఏ క్రియ వాడాలి?

‘టేక్ మెడిసిన్’ అనే రెండు ఇంగ్లిషు మాటల్ని చైనీస్‌లోకి మార్చాలంటే ముందు ఒక సంగతి తేలాలి. మందు మింగడమా, కౌంటర్లో అందుకోవడమా, ఊరెళ్తూ సంచిలో పెట్టుకోవడమా? మూడింటికీ మూడు వేరే క్రియలు. ఒకదాని బదులు ఇంకొకటి వాడితే వాక్యం తప్పు అనిపించదు, అర్థమే మారిపోతుంది. అందుకే ఈ తప్పు ఓ పట్టాన దొరకదు.

చైనాలో ఎంబీబీఎస్ చదివే తెలుగు పిల్లలకు పాఠాలు ఇంగ్లిషులో జరుగుతాయి. వార్డులోకి అడుగుపెట్టాక పేషెంటు మాట్లాడేది మాత్రం చైనీసే. చాలా మెడికల్ యూనివర్సిటీలు చైనీస్ భాషా పరీక్ష హెచ్‌ఎస్‌కెలో నాలుగో మెట్టు దాటాలంటాయి. 2010 నాటి ఆరు మెట్ల పద్ధతిలో దానికి 1,200 మాటలు రావాలి. ఆ మాటల పట్టికల్లో అర్థాలు ఇంగ్లిషులో ఉంటాయి కాబట్టి నా, తాయ్, ఛ్యూ అనే మూడు క్రియల పక్కనా ‘టు టేక్’ అనే కనిపిస్తుంది. బట్టీ పట్టినవాళ్ళు ముందు గుర్తొచ్చినదాన్ని వాడేస్తారు.

మా సలహా ఇది: ఇంగ్లిషు మాటను పక్కన పెట్టి, ఆ పనిని తెలుగులో ఏమంటామో చూసుకోండి. మనకూ ఒక్కో పనికి ఒక్కో క్రియ ఉంది, చాలాచోట్ల చైనీస్ గీసిన గీత మీదే మన గీతా పడుతుంది. పడని చోట్లూ ఉన్నాయి, ముఖ్యంగా తీయి, వేసుకో, ఎక్కు అనే మూడింటి దగ్గర. అవి వచ్చినప్పుడు చెప్తాం.

ముందు ఉచ్చారణ

చైనీస్ మాటల పక్కన వేసిన అంకె స్వరానిది. 1 అంటే ఎత్తులో సమంగా, 2 అంటే కింది నుంచి పైకి, 3 అంటే బాగా కిందికి దిగి, 4 అంటే పైనుంచి ఒక్కసారిగా కిందికి. అంకె లేకపోతే తేలికగా అనేయాలి.

చైనీస్‌ను రోమన్ అక్షరాల్లో రాసే పద్ధతి పిన్‌యిన్. అందులో రోమన్ ‘డి’తో రాసేది మన ‘డ’ కాదు, ‘ద’ కాదు. ఒత్తు లేని ‘త’కు దగ్గర. ‘టి’తో రాసేది దానికి ఒత్తు, అంటే ‘థ’. ‘జి’, ‘కె’ జంట ‘క’, ‘ఖ’ అవుతుంది. ‘బి’, ‘పి’ జంట ‘ప’, దాని ఒత్తు అవుతాయి. ఆ ఒత్తును ఇక్కడ ‘ప్హ’ అని రాశాం, ఎందుకంటే ‘ఫ’ను ఫ్యాన్‌లో పలికే శబ్దానికి ఉంచుకోవాలి. ‘జెడ్’తో రాసేది చాప, చుక్కల్లో పలికే దంత్య ‘చ’, అంటే ‘ౘ’. ‘సి’తో రాసేది దానికి ఒత్తు. ఇంగ్లిషు అలవాటు కొద్దీ ‘దాయ్’, ‘గోంగ్’ అని నాదంగా పలికేవాళ్ళు తెలుగు వర్ణమాల గుర్తు తెచ్చుకుంటే సగం బాధ తీరుతుంది. ఒత్తులు ఊపిరి తగిలేలా పలకాలి, ‘తాయ్’, ‘థాయ్’ అక్కడ వేర్వేరు మాటలు.

చేత్తో తీసేది, వెంట ఉండేది

బల్ల మీది పెన్ను, నర్సు దగ్గరి ఫైలు, అలమరలోని గ్లాసు: చేయి చాచి అందుకునేది ఏదైనా నా2. ఇక్కడ మనకు ఉట్టినే కలిసొచ్చేది ఒకటుంది. ఇంగ్లిషులో బ్రింగ్, టేక్ అని రెండు మాటలు. మనకు ‘తీసుకు’ ఒక్కటే. వెనక ‘రా’ చేరిస్తే తీసుకురా, ‘వెళ్ళు’ చేరిస్తే తీసుకెళ్ళు. చైనీస్‌లోనూ ఇదే కట్టు. లాయ్2 అంటే రావడం, కాబట్టి నా2 లాయ్2 అంటే తీసుకురావడం. ఛ్యూ4 అంటే వెళ్ళడం, కాబట్టి నా2 ఛ్యూ4 అంటే తీసుకెళ్ళడం. ఇక్కణ్ణుంచి పట్టుకుపో అనాలంటే నా2 ౘోవ్3. ఏది వాడాలో మాట్లాడే మనిషి ఎక్కడున్నాడన్నదాన్ని బట్టి తేలుతుంది, అచ్చం మనకులాగే. బ్రింగ్, టేక్ తేడా గురించి ఆలోచించడం మొదలుపెడితేనే చిక్కు.

ఒంటి మీదో సంచిలోనో మనతోపాటు వచ్చేదానికి తాయ్4. ‘నీ3 తాయ్4 సాన్3 ల మ?’ అంటే గొడుగు తెచ్చుకున్నావా అని. ‘ల’ పని అయిందని చెప్తుంది, ‘మ’ ప్రశ్నకు గుర్తు. గొడుగు చేతిలో ఉండక్కర్లేదు, బ్యాగు అడుగున ఉన్నా ‘తాయ్4 ల’ అనొచ్చు. పాస్‌పోర్టు, డబ్బు, పాత రిపోర్టులు ఇవన్నీ తాయ్4. నా2 అంటే దృష్టి చేతి మీద ఉంటుంది, తాయ్4 అంటే మనిషి వెంట ఉందా లేదా అన్నదాని మీద ఉంటుంది. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ ‘గొడుగు పట్టుకున్నావా’ అని అడిగేటప్పుడు రెండూ నప్పుతాయి. ఊరు చేరాక మాత్రం తాయ్4.

మనుషుల దగ్గర నా2 అసలు పనికిరాదు. పిల్లాణ్ణి ఆసుపత్రికి నా2 చేశానంటే సామాను మోసుకొచ్చినట్టు ఉంటుంది. అక్కడ మూడు దారులున్నాయి.

మీరు ముందుండి నడిపిస్తే తాయ్4. పిల్లల్ని బడికి, కొత్తగా వచ్చిన జూనియర్‌ను ఆఫీసుకు తీసుకెళ్ళడం: ‘తాయ్4 హాయ్2 ౘి ఛ్యూ4 ఈ1 యువాన్4’, పిల్లాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళడం. దిగబెట్టి వెనక్కి వచ్చేస్తే సోంగ్4. స్నేహితుణ్ణి ఎయిర్‌పోర్టులో దింపడం సోంగ్4, తిరిగొచ్చినప్పుడు ఎదురెళ్ళి తీసుకురావడం చియె1. కానుక ఇవ్వడానికీ సోంగ్4 అనే అంటారు, అయినా వెనక ఊరి పేరు ఉంటే దింపడమని తెలిసిపోతుంది. తోడు వెళ్ళి పక్కనే ఉంటే ప్హేయ్2. అమ్మను స్కానింగ్‌కు తీసుకెళ్ళానని చెప్పాలంటే ఇదే మంచిది. తాయ్4 తప్పు కాదు, కానీ అందులో నడిపించేది మీరు, వెంట వచ్చేది ఆవిడ. ప్హేయ్2లో ముందు ఆవిడ ఉంటుంది, తోడుగా మీరుంటారు. తీసుకెళ్ళు, దిగబెట్టు, తోడు వెళ్ళు అనే మన మూడు మాటలు ఇక్కడ చక్కగా సరిపోతాయి.

తాయ్4 దగ్గర ఒక గొయ్యి ఉంది. టోపీ, కళ్ళజోడు, మాస్కు పెట్టుకోవడం కూడా తాయ్4. శబ్దమూ స్వరమూ అవే, అక్షరం మాత్రం వేరు. ‘తాయ్4 ఖోవ్3 చావ్4’ అంటే మాస్కు పెట్టుకోవడం కావచ్చు, వెంట తెచ్చుకోవడం కావచ్చు. ఆసుపత్రి తలుపు దగ్గర బోర్డు మీద అయితే పెట్టుకోమనే. చైనీస్ మాతృభాష అయినవాళ్ళూ టైపు చేసేటప్పుడు ఈ రెండు అక్షరాల్నీ కలిపేస్తుంటారు, కాబట్టి మీకు తడబాటు వస్తే బెంగ అక్కర్లేదు. దీనికి తోడు డాక్టరును పిలిచే ‘తాయ్4 ఫు’లో ఉన్నది ఇంకో తాయ్4.

ఎక్కడం కాదు, కూర్చోవడం

బస్సు, మెట్రో, రైలు, విమానం, టాక్సీ అన్నిటికీ ౘువో4, అంటే కూర్చోవడం. మెట్రోలో ఊపిరాడని రద్దీలో ఆఖరి స్టేషన్ దాకా నిలబడే వెళ్ళినా ౘువో4 అనే అంటారు. మన ‘ఎక్కు’ మోసం చేసేది ఇక్కడే. ‘రోజూ బస్సెక్కి కాలేజీకి వెళ్తాను’ అన్నది తలలో పెట్టుకుని ‘షాంగ్4’ వాడితే అది మెట్టు మీద కాలు పెట్టే ఒక్క క్షణానికే చెల్లుతుంది. ప్రయాణం మొత్తానికి ౘువో4 కావాలి. వాక్యం కట్టు మాత్రం మనదే: ‘ౘువో4 తీ4 థియె3 ఛ్యూ4 ఈ1 యువాన్4’. ముందు మెట్రో, తర్వాత వెళ్ళడం. ఇంగ్లిషులోలా ‘వెళ్ళాను’ ముందు పెట్టి ‘మెట్రోలో’ అని చివర తగిలిస్తే నప్పదు.

కాళ్ళు రెండు పక్కలా వేసి కూర్చునేవాటికి ఛీ2: సైకిల్, మోటార్‌సైకిల్, గుర్రం, క్యాంపస్‌లో అందరి దగ్గరా కనిపించే కరెంటు స్కూటర్. స్నేహితుడు నడుపుతుంటే వెనక మీరు కూర్చున్నారనుకోండి, అతనిది ఛీ2, మీది ౘువో4. స్టీరింగ్ మీ చేతిలో ఉంటే ఖాయ్1. టాక్సీ ఆపి ఎక్కడానికి తా3 ఛ1 అనే మాట విడిగా ఉంది, యాప్‌లో బుక్ చేసినా అదే అంటారు. స్టేషన్ల ప్రకటనల్లో ‘ఛెంగ్2’ వినిపిస్తుంది. అది ౘువో4కు గ్రాంథిక రూపం లాంటిది, నోట వాడక్కర్లేదు. ‘టేక్ దిస్ రోడ్’ అయితే వాహనం లేదు కాబట్టి నడక క్రియ ౘోవ్3 వస్తుంది. కారులో వెళ్ళినా ఈ దారిన ౘోవ్3 అనే అంటారు.

ఎంత సేపు పడుతుంది

పట్టే కాలానికి యావ్4, ఖర్చుపెట్టిన కాలానికి హువా1. ‘యావ్4 తువో1 ఛాంగ్2 షి2 చియెన్1?’ అంటే ఎంతసేపు పడుతుంది అని. ‘నాకు మూడు గంటలు పట్టింది’ అని జరిగిపోయినదాని గురించి చెప్పేటప్పుడు ‘వో3 హువా1 ల సాన్1 క4 శియావ్3 షి2’. హువా1 డబ్బు ఖర్చుకు వాడేదే, కాబట్టి ఖర్చుపెట్టే మనిషి కర్తగా ఉంటే బాగుంటుంది. ‘బస్సు 40 నిమిషాలు తీసుకుంటుంది’ అనే అనువాదపు తెలుగు నాలుక మీదుంటే నా2 దొర్లిపోతుంది. అప్పుడు వినేవాడికి బస్సు నిమిషాల్ని చేత్తో పట్టుకెళ్ళినట్టు ఉంటుంది.

మందు దగ్గర జాగ్రత్త

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడ, కాబట్టి కాసేపు ఆగుదాం. చైనా ఆసుపత్రిలో మామూలు వరస ఇది: ముందు చీటీ రాయించుకోవడం క్వా4 హావ్4, డాక్టరు మందు రాయడం ఖాయ్1 యావ్4, డబ్బు కట్టడం చియావ్3 ఫేయ్4, కిటికీలో మందు తీసుకోవడం ఛ్యూ3 యావ్4, ఇంటికెళ్ళి వేసుకోవడం ఛి1 యావ్4. కిటికీ దగ్గరి పనిని మాటల్లో నా2 యావ్4 అని కూడా అంటారు, బోర్డు మీద ఉండేది ఛ్యూ3 యావ్4. మందు మింగడానికి ఛి1, అంటే తినడం. మాత్రకైనా క్యాప్సూల్‌కైనా తినడమే. కాచిన కషాయానికి మాత్రం తాగడం అనే హ1 బాగుంటుంది.

పొద్దున రౌండ్స్‌లో విద్యార్థి ‘యావ్4 నా2 ల మ?’ అని అడిగాడనుకోండి. మంచం మీది పెద్దాయన ‘నా2 ల’ అంటాడు. అంటే మందులు కిందకెళ్ళి తెచ్చుకున్నాడు, పొట్లం బల్ల మీద ఉంది, ఇంకా విప్పలేదు. కేసుషీటులో మాత్రం ‘టేకెన్’ అని పడుతుంది. అడగాల్సింది ‘యావ్4 ఛి1 ల మ?’ తెలుగూ ఇక్కడ మనల్ని కాపాడదు. ‘మందులు తీసుకున్నాను’ అన్న మాటకు మన దగ్గరా రెండర్థాలున్నాయి. ‘వేసుకున్నాను’ అంటేనే తేలుతుంది. అలాగని ‘వేసుకో’ను పట్టుకుని బట్టలు వేసుకునే క్రియను మందుకు తగిలించకూడదు. మనకు చొక్కా, మాత్ర, తలుపు గడియ అన్నిటికీ ఒకటే ‘వేయడం’, వాళ్ళకు కాదు.

స్వరం జారితే ఇంకో తమాషా. ‘యావ్4’ మందు, ‘యావ్3’ కొరకడం. ‘కావాలి’ అన్నదీ యావ్4 కాబట్టి ‘నాకు మందు కావాలి’ని మక్కీకి మక్కీ చెప్తే ‘వో3 యావ్4 యావ్4’ అవుతుంది. మధ్యలో కొనడం అనే ‘మాయ్3’ పెడితే చెవికి సుఖం. ‘మందు తీసుకోవడానికి వెళ్తున్నాను’లో ‘ఛ్యూ4 ఛ్యూ3 యావ్4’ వస్తుంది. మొదటిది వెళ్ళడం, రెండోది తీసుకోవడం, తేడా స్వరానిదే. రెండోదాన్ని బాగా దించి పలకండి. కుదరకపోతే ‘ఛ్యూ4 నా2 యావ్4’ అనండి, పని జరిగిపోతుంది.

పొట్లం మీద ఛి1 ఉండదు, ‘ఫూ2 యోంగ్4’ అనో ‘ఖోవ్3 ఫూ2’ అనో ఉంటుంది. రెండూ నోటి ద్వారా తీసుకునేవే. ‘వాయ్4 యోంగ్4’ అని ఉంటే పైపూతకు మాత్రమే. మోతాదు ‘ఈ2 ఱి4 సాన్1 ౘ్హి4, ఈ2 ౘ్హి4 ఈ2 ప్హియెన్4’ అని ఉంటే రోజుకు మూడుసార్లు, సారికి ఒక మాత్ర. తిండికి ముందు ఫాన్4 ఛియెన్2, తర్వాత ఫాన్4 హోవ్4. ముందు, తర్వాత తారుమారైతే ఇబ్బంది కాబట్టి వేలితో గడియారం చూపించి మరోసారి చెప్పడం మేలు.

వార్డులో మిగతా టేకులు

ఇక్కడ మన ‘తీయి’ బండారం బయటపడుతుంది. రక్తం తీయడం, ఎక్స్‌రే తీయడం, కళ్ళజోడు తీయడం, బ్యాంకులో డబ్బు తీయడం: నాలుగూ మనకొక్కటే, ఇంగ్లిషు టేక్‌కు దీటైన చుట్టం. చైనీస్‌లో వరసగా ఛోవ్1, ప్హాయ్1, చాయ్1, ఛ్యూ3. రక్తం లాగడం కాబట్టి ‘ఛోవ్1 శ్యువె4’. గోడ మీది బోర్డులో ‘ౘ్హాయ్3 శ్యువె4’ అని ఉండొచ్చు, పని అదే. ఫోటోకు, ఎక్స్‌రేకు ప్హాయ్1. సీటీ, ఈసీజీ అయితే ‘చేయడం’, అంటే ౘువో4. బస్సులో కూర్చునే ౘువో4, ఈ ౘువో4 చెవికి ఒకటే, రాతలో వేరు.

జ్వరం, బీపీ చూడటం రెండూ కొలవడమే. ‘లియాంగ్2 థీ3 వన్1’ జ్వరం చూడటం, ‘లియాంగ్2 శ్యువె4 యా1’ బీపీ చూడటం. లియాంగ్‌ను నాలుగో స్వరంలో అంటే పరిమాణం అనే నామవాచకం అవుతుంది. నాడి పట్టడానికి ‘పా3 మాయ్4’ ఉంది, కానీ అది సంప్రదాయ చైనా వైద్యుడి మాట. అల్లోపతి వార్డులో గడియారం చూస్తూ పల్స్ లెక్కపెడుతూ ఆ మాట అంటే పేషెంటు నవ్వుతాడు.

చొక్కా విప్పమనడానికి థువో1, మాస్కు తీయమనడానికి చాయ్1. ఒంటికి తొడిగినవి, బూట్లతో సహా, థువో1. తలకో ముఖానికో మణికట్టుకో పెట్టుకున్నవి చాయ్1. విప్పు, తీయి అని మనం పాటించే తేడా ఇంచుమించు ఇదే, కాబట్టి తెలుగులో అనుకుని మాట్లాడితే తప్పు దొర్లదు. పెద్దవాళ్ళతో ‘నీ3’ బదులు ‘నిన్2’ వాడండి, అది మన ‘మీరు’. పెద్దావిడను ‘ఆ1 యీ2’ అని పిలవొచ్చు, మనం పిన్నిగారూ అన్నట్టే.

పరీక్షలు, సెలవులు, స్నానం

పరీక్ష ‘రాయడం’ మన అలవాటు. చైనీస్‌లో రాసే క్రియ శియె3ను పరీక్షకు కలపరు. ‘ఖావ్3 షి4’ అనే మాటలోనే పరీక్షకు కూర్చోవడం ఉంది. కాస్త మర్యాదగా అంటే ‘ౘ్హాన్1 చియా1 ఖావ్3 షి4’, పరీక్షలో పాల్గొనడం. క్లాసుకు షాంగ్4 ఖ4. చెప్పే మాస్టారికీ వినే విద్యార్థికీ ఒకటే మాట. నోట్స్ రాసుకోవడం చీ4 పీ3 చీ4.

సెలవు పెట్టడం ఛింగ్3 చియా4, స్నానం చేయడం శీ3 ౘావ్3. ఇలాంటి జంట మాటల్ని ఇంగ్లిషు వాడుక చూసి ఒకే ముద్దగా నేర్చుకుంటారు. నిజానికి అవి మధ్యకు విడిపోతాయి. మూడు రోజుల సెలవు కావాలంటే ‘ఛింగ్3 సాన్1 థియెన్1 చియా4’. అరగంట స్నానం చేశానంటే ‘శీ3 ల పాన్4 క4 శియావ్3 షి2 ౘావ్3’. ‘ల’ను మొత్తం మాట చివర తగిలించి ఆ తర్వాత అరగంట అంటే తప్పు. ఇంకోటి, శీ3 ౘావ్3లో రెండూ మూడో స్వరాలే కాబట్టి పలికేటప్పుడు మొదటిది రెండో స్వరంలోకి మారుతుంది. విశ్రాంతి తీసుకోవడానికి శియు1 శి, ఒక్క మాటలో అయిపోతుంది.

అంగట్లో, ఫోన్లో

ఫోన్ ఎత్తడం చియె1, స్నేహితుణ్ణి ఎదురెళ్ళి తీసుకొచ్చేదే. పార్సెల్, ఏటీఎం డబ్బు, ల్యాబ్ రిపోర్టు, ఎక్కడో మీ పేరిట ఉన్నదాన్ని వెళ్ళి తీసుకోవడం అన్నీ ఛ్యూ3. షాపువాడు నగదు తీసుకుంటాడా అంటే షోవ్1. ‘ఇది ఇవ్వండి’ అని ఎంచుకునేటప్పుడు ‘వో3 యావ్4 చ4 క’. ఇక్కడ నా2 వాడితే చేత్తో ఎత్తుకుంటున్నానని చెప్పినట్టు ఉంటుంది.

నూడుల్స్ కొట్టులో వినిపించే ప్రశ్న ‘ౘాయ్4 చర్4 ఛి1, హాయ్2 షి4 తాయ్4 ౘోవ్3?’ ఇక్కడే తింటారా, పట్టుకెళ్తారా అని. ‘తాయ్4 ౘోవ్3’ అంటే పార్సెల్. తినగా మిగిలింది కట్టించుకోవాలంటే తా3 పావ్1. కొత్తగా కొనేటప్పుడు కూడా తా3 పావ్1 అనేవాళ్ళున్నారు, రెండూ చెల్లుతాయి.

ఆఖరుగా ‘టేక్ కేర్’. ఒకర్ని చూసుకోవడం చావ్4 కు4, మెట్టు జారకుండా చూసుకో అనడం శియావ్3 శిన్1, జబ్బుగా ఉన్నవాళ్ళతో ఆరోగ్యం జాగ్రత్త అనడం పావ్3 చోంగ్4. ఆసుపత్రి నుంచి వెళ్ళేవాళ్ళతో ‘మళ్ళీ కలుద్దాం’ అనే ౘాయ్4 చియెన్4 అంటే చాలామంది ఇష్టపడరు. అక్కడ మళ్ళీ కలవాలని ఎవరికుంటుంది? మందుల కిటికీ దగ్గర మాన్4 ౘోవ్3 అంటే చాలు, నెమ్మదిగా వెళ్ళిరండి అని.